రాలిన పిన్మా పూలు

ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ మూడో వారం దాటాక పడింది. ఈస్టర్ ముందుగా వచ్చిన ఏడు పిన్మా చెట్లు ఇంకా మొగ్గ మీదే ఉంటాయి. కాగితం పూలతోనో దేవగన్నేరుతోనో సరిపెట్టుకోవాలి. ఆలస్యంగా వచ్చిన ఏడు మాత్రం తుష్నాబాద్ కొండవార అంతా లేత వంగపువ్వు రంగులో నిండిపోతుంది. మా బతు బస్తీ చర్చి ఆడవాళ్ళు కొత్త క్యాలెండరు గోడకు తగిలించిన రోజే ఈ లెక్క చూసుకుంటారు. "ఈసారి పూస్తాయర్రా" అని సిల్వియా పిన్ని భస్మ బుధవారం నాడే ప్రకటించేసింది. ఆవిడ స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ ప్రకటించాక పూయకుండా ఉండే ధైర్యం ఏ చెట్టుకూ ఉండదు.

మా ఇంట్లో మాత్రం పూల మీద ఎవరికీ ధ్యాస లేదు. మావయ్య మంచం పట్టాడు.

మావయ్య పేరు నెహెమ్యా. చాతం సామిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు రంపం దగ్గర పనిచేశాడు. కళ్ళు మూసి చేతిలో చెక్కముక్క పెడితే వాసన చూసి ఏ చెట్టో చెప్పేవాడు. గుండె జబ్బు ఆయనకు పాతదే. ఈస్టర్ ముందు వచ్చే శ్రమల కాలం రెండో వారంలో అది ముదిరింది. ఆస్పత్రికి వెళ్దామంటే వద్దన్నాడు. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరకు పిలిచాడు.

"శ్రావనీ, నా ఉలి, సుత్తి ట్రంకులో ఉన్నాయి. పిల్లోడొస్తే ఇయ్యి. తుప్పట్టనియ్యకు."

"ఇస్తాను మావయ్యా."

"బర్మా జైల్నించి వొదిలేసినోల్ల లిస్టు మల్లీ వచ్చిందంట. పోయి సూసొస్తావా?"

"రేపు పొద్దున్నే వెళ్తాను."

అత్త జ్ఞానవతి గోడ వైపు తిరిగి మందు సీసా మూత తిప్పుతోంది. అది ఎప్పుడో ఊడొచ్చింది, అయినా తిప్పుతూనే ఉంది.

పిల్లోడంటే నా భర్త యేసు కుమార్. ఆరున్నరేళ్ళ కిందట ఒక నవంబరు ఉదయం డింగీ వేసుకుని చేపలకు వెళ్ళాడు. ఉద్యోగం వేరే ఉంది, సెలవు రోజుల్లో చేపలు పట్టడం ఆయన సరదా. ఆ డింగీ మావయ్యే స్వయంగా తయారుచేసి కొడుక్కి ఇచ్చాడు. సాయంత్రానికి గాలి తిరిగింది. ఆయన తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు, డింగీ దొరకలేదు. మా దీవుల్లో ఇంజను చెడిపోయిన పడవలు కొట్టుకుపోయి బర్మా వైపు తేలడం, అందులోని వాళ్ళు అక్కడి జైల్లో పడి రెండేళ్ళకో మూడేళ్ళకో గడ్డం పెంచుకుని జెట్టీలో దిగడం ఉన్నదే. అందుకని మేము ఎదురుచూశాం. పిచ్చితనం అనుకోవద్దు, మా వీధిలోనే అలా వచ్చినవాడు ఒకడున్నాడు.

ఇంట్లో ఒకటే నియమం, ఎవరూ ఏడవకూడదు. అది అత్త పెట్టింది. "బతికున్నోడికేడిస్తే కీడు" అనేది. పెళ్ళయిన పద్నాలుగు నెలలకు భర్త కనిపించకుండా పోయిన ఇరవై మూడేళ్ళ పిల్లకు ఆ నియమం ఎలా ఉంటుందో చెప్పలేను. స్నానాల గదిలో కూడా ఏడవలేదు నేను. నీళ్ళ చప్పుడులో ఏడుపు కలిసిపోతుందంటారు గానీ, అత్త చెవులు అలాంటివి కావు.

రెండేళ్ళ కిందట మా అమ్మ కనకలక్ష్మి జంగ్లీఘాట్ నుంచి ఒక సంబంధం పట్టుకొచ్చింది. గోపినాథ్ అని, దీవుల మధ్య తిరిగే బోటులో మెకానిక్. భార్య పోయింది. మంచివాడు. నేను పనిచేసే జిరాక్స్ దుకాణానికి వచ్చి, ఒక్క కాగితం జిరాక్స్ చేయించుకోవడానికి అరగంట నిలబడేవాడు. నాకూ ఇష్టమే. అబద్ధం ఎందుకు, చాలా ఇష్టం. కానీ "ఆయన తిరిగొస్తే ఏ మొహంతో నిలబడనమ్మా?" అన్నాను. అత్త అక్కడే పీట మీద కూర్చుని వంకాయలు కోస్తోంది. తల ఎత్తలేదు. ఆ మరుసటి ఏడు గోపినాథ్ మాయాబందర్ అమ్మాయిని చేసుకున్నాడు. పెళ్ళికి వెళ్ళి భోంచేసి వచ్చాను.

మావయ్య శ్రమల కాలం మూడో ఆదివారం నాడు, చర్చి గంట మోగుతుండగా పోయాడు. ఆయన కోసం ఏడవడానికి నియమం అడ్డం రాలేదు గనక అందరం ఏడ్చాం. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపులో మావయ్య వాటా ఎంతో, ఇంకొకరి వాటా ఎంతో నాకే తెలియదు. అత్త మాత్రం పెట్టె మూత వేసేటప్పుడు వంగి ఆయన చెవిలో ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. చర్చి అయ్యగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు.

నాలుగు వారాలు గడిచాయి. ఈస్టర్ ముందు శనివారం పొద్దున ఆరింటికి, పులిహోర డబ్బాలూ నీళ్ళ సీసాలూ వెదురు బుట్టలూ పట్టుకుని తొమ్మిదిమంది ఆడవాళ్ళం తుష్నాబాద్ బస్సెక్కాం. సిల్వియా పిన్ని అన్నగారికి అక్కడ పోక తోట ఉంది. తోట దాటితే కొండవాలు, వాలు పొడవునా పిన్మా చెట్లు. ఏటా ఈ ప్రయాణానికి అత్త వస్తుంది, నేనూ వస్తాను. ఈసారి రాదేమో అనుకున్నాను. అందరికంటే ముందు బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

మా సంఘంలో పూలకో పద్ధతి ఉంది. ఈస్టర్ రోజున అయ్యగారు ప్రసంగించే పుల్పిట్ దగ్గర పెట్టే పూలు కొమ్మ నుంచి కొయ్యాలి, నేల తాకకూడదు. సమాధుల మీద పెట్టే పూలు మాత్రం చెట్టు కింద రాలినవే ఏరాలి, కొమ్మ మీదివి తుంచకూడదు. దేవుడే రాల్చుకున్న పువ్వు చనిపోయినవాళ్ళకు అని పెద్దవాళ్ళు పెట్టిన అలవాటు. నేను చేపల వాళ్ళ ఇంటి పిల్లను, చర్చి నాకు పెళ్ళితో వచ్చింది. నా భర్త కనిపించకుండా పోయాక వచ్చిన మొదటి ఈస్టర్‌కి ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేల మీద పూలు బాగున్నాయని, క్షేమంగా తిరిగి రావాలని మొక్కుకుని ఆయన పేర పుల్పిట్ దగ్గర పెడదామని, చెట్టు కింద కూర్చుని ఒళ్ళో ఏరుకున్నాను. అత్త పరుగున వచ్చి నా ఒళ్ళో పూలన్నీ చేత్తో విసిరికొట్టింది. అందరూ చూస్తుండగా. తర్వాత ఇంటికొచ్చి జావ కాచి ఇచ్చి, పద్ధతి ఏమిటో చెప్పింది. ఆ తర్వాత ఏటా మేమిద్దరం మెడలు నొప్పెట్టేలా కొమ్మలు వంచి కోసేవాళ్ళమే తప్ప, ఒక్క పువ్వు కోసం కూడా నేలకు వంగలేదు.

బస్సులో సిల్వియా పిన్ని వెనక్కి తిరిగి, "ఈ ఏడు జ్ఞానవతక్కకి కూడా సమాధొచ్చింది. పాపం, ఇన్నేళ్ళూ అందరం ఏరుకుంటా ఉంటే అక్క కొమ్మలకేసి సూసేది" అంది. మంచికే అంది. ఆవిడ నోటి నుంచి వచ్చిన మంచి అలాగే ఉంటుంది. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచింది.

"ఔన్లే సిల్వియా, ఈ ఏడు నానూ ఏరతాను" అంది అత్త, మామూలుగానే.

తోట దగ్గర దిగేసరికి ఎనిమిదయింది. చెట్లు విరగబూసి ఉన్నాయి. అన్ని ఏళ్ళు వెళ్ళాను గానీ అంత పువ్వు ఎప్పుడూ చూడలేదు. పాలిపోయిన మానుల పైన ఆకు కనపడకుండా పువ్వే. గాలి వీచినప్పుడల్లా నలిగిన రేకులు తిరుగుతూ పోక చెట్ల మధ్య రాలుతున్నాయి. మావయ్య పోయిన నెలకే ఇంత అందం కళ్ళకు ఎక్కుతోందేమిటని సిగ్గేసింది నాకు. తలొకరూ తలొక చెట్టు పంచుకున్నారు. అత్త ఎవరితోనూ కలవకుండా అన్నిటికంటే పైనున్న చెట్టు దగ్గరికి నడిచింది. వాలు మీద ఆమెకు మోకాళ్ళు పట్టేస్తాయి. చెయ్యిచ్చి ఎక్కించాను.

చెట్టు మానుకు అరచెయ్యి ఆనించి కాసేపు పైకి చూసింది.

"ఈ కర్రే" అంది.

"డింగీకా?"

"పలకలు పడౌకు కర్ర. మేకులు పిన్మా. ఇనప మేకుల్ని ఉప్పునీల్లు తినేస్తాయని, అన్నీ కర్ర మేకులే కొట్టాడు మీ మావ. నాను పక్కన కూకుని ఒక్కోదానికీ నూనె రాసి అందించేదాన్ని."

కింద కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. నేనూ కూర్చున్నాను. మట్టి అంటనివి, రేకు ఊడనివి చూసి ఏరాలి. కాసేపటికి గమనించాను, ఆమె ముందు రెండు కుప్పలున్నాయి.

"రెండెందుకు అత్తా? బుట్ట ఒకటే కదా తెచ్చాం."

"ఇది మీ మావకి."

"మరి అదో?"

"ఆడికి."

నా చెయ్యి ఆగిపోయింది. "అత్తా, అవి రాలినవి."

"ఎరుగుదును."

ఇంకో పువ్వు ఏరి, ఊది, రెండో కుప్పలో పెట్టింది. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పింది.

"మీ మావ ఆస్పత్రిలో ఉన్నప్పుడు హట్‌బే కాడ్నించి కన్నారావు పలక తెచ్చాడు, గేపకం ఉందా?"

గుర్తు లేకపోవడమేమిటి! నా భర్త కనిపించకుండా పోయిన మరుసటి ఏడు వానల్లో జరిగింది అది. కన్నారావు మా పుట్టింటి వైపు చేపల వాళ్ళ పెద్ద. హట్‌బే ఒడ్డుకు కొట్టుకొచ్చిన పడవ పలక ఒకటి జంగ్లీఘాట్ జెట్టీకి తెచ్చి పోలీసులకు చూపించాడు. గుర్తుపట్టమని మాకు కబురొచ్చింది. మావయ్య ఆక్సిజన్ మీద ఉన్నాడు, నేను ఆయన దగ్గరున్నాను. అత్త ఒక్కతే వెళ్ళింది. గంటలో తిరిగొచ్చి, "ఎవుల్దో పడవ. మనది కాదు" అంది. ఆ మాట విన్నాక మావయ్య నాలుగు రోజుల్లో మొదటిసారి జావ అడిగి తాగాడు.

"మనది కాదన్నావు కదా" అన్నాను.

"మేకులు నాలుగున్నాయి. నాలుగింటి తల మీదా సిలవ గీసుంది. ఉలితో గీసేవోడు మీ మావ, ప్రతి మేకుకీ. ఆ గీత నాకు తెల్దా? పోలీసు బాబు మూడుసార్లడిగాడు. మూడుసార్లూ కాదన్నాను."

"ఎందుకు?"

"పలక ఎక్కడిరిగిందో తెలుసా? మేకుల వరస కాడే. మీ మావ అతికించిన కాడే. అది తెలిస్తే ఆ మంచం మీంచి లేచీవోడా? నా సేతి పడవే నా కొడుకుని ముంచేసిందని ఏ రోజుకా రోజు సచ్చీవోడు. సెప్పనేపోయాను. ఇప్పుడు మీ మావ లేడు. పెట్టె మూసినప్పుడు సెవిలో సెప్పాను. ఇంక నీకే సెప్పాల."

అంటే ఆ పలకను చూసిన రోజు నుంచీ ఈమెకు తెలుసు. దగ్గర దగ్గర ఆరేళ్ళు. మావయ్య జైలు లిస్టులంటూ నన్ను ఆఫీసుల చుట్టూ పంపుతుంటే తెలుసు. ప్రతి నవంబరులో నేను ఉపవాసం ఉంటే తెలుసు. తెలిసీ ఏటేటా నా పక్కన నిలబడి కొమ్మలు వంచింది.

"మావయ్యకి చెప్పలేదు, సరే. కమ్ సే కమ్ నాకైనా చెప్పాల్సింది కదా?"

"నీకు సెప్తే ఏడుస్తావు. నువ్వేడిస్తే మీ మావ కనిపెట్టేస్తాడు."

"గోపినాథ్ సంగతి మా అమ్మ అడిగినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"వంకాయలు కోస్తున్నావు."

"కోస్తన్నాను" అంది అత్త. "రెండుసార్లు నోరు తెరిసినాను. మీ మావ వరండాలో ఉన్నాడు."

నోటికి వచ్చిన మాటలు పోక తోటలో చర్చి ఆడవాళ్ళు వినదగ్గవి కావు. ఆయన చనిపోయాడన్న దుఃఖం ముందు రావాలి కదా, అది రాలేదు. ముందు కోపమే వచ్చింది. కొడుకు పోయిన తల్లి ఎదురుగా కూర్చుని ఉంటే నాకు ఆమె జుట్టు పట్టుకుని ఊపాలనిపించింది.

కింద నుంచి సిల్వియా పిన్ని కేక వేసింది. "ఏటర్రా, సెట్టు మొత్తం ఊడ్సుకొస్తారా? రండి జల్దీ, పులిహోర సల్లారిపోతంది!"

అత్త రెండు కుప్పలూ బుట్టలో పెట్టి మధ్యన ఆకు అడ్డం వేసింది. వాలు దిగేటప్పుడు నేను ముందు నడిచాను. చెయ్యి ఇవ్వలేదు. వెనక ఒకచోట ఆమె కాలు జారిన చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు. తనే లేచి, తనే దిగి వచ్చింది. చీర అంచుకు ఎర్రమట్టి అంటుకుంది.

తిరుగు బస్సులో వేరే సీట్లో కూర్చున్నాను. మిగతావాళ్ళు పాటలు పాడుకుంటూ వచ్చారు. ఇంటికి చేరగానే నా బట్టలు సంచిలో సర్దుకున్నాను. ఏడున్నరేళ్ళ కాపురం ఒక్క సంచిలో పట్టింది.

"రేపు సమాధుల తోట నుంచి అట్నుంచటే మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను" అన్నాను.

"ఎల్లు" అంది అత్త. "అన్నం తినేసి పడుకో. పొద్దున్నే లేవాల."

మా దగ్గర సూర్యుడు తొందరగా వస్తాడు. ఈస్టర్ నాడు నాలుగున్నరకే సమాధుల తోట నిండిపోయింది. సున్నం కొత్తగా వేసిన సమాధుల మీద ఎక్కడ చూసినా పిన్మా పూలే. మావయ్యది ఇంకా మట్టి దిబ్బ, రాయి వెయ్యలేదు. దాని తల దగ్గర చెక్క సిలువ ఉంది. నా సంచి గేటు దగ్గర పెట్టి వచ్చి అత్తకు రెండడుగుల దూరంలో నిలబడ్డాను.

పోయిన ఈస్టర్ తర్వాత చనిపోయినవాళ్ళ పేర్లు ఆ రోజు వాళ్ళ ఇంటివాళ్ళే పైకి చెప్పాలి. అయ్యగారు సమాధి సమాధి దగ్గరా ఆగుతారు, ఇంటివాళ్ళు పేరు చెబుతారు, సంఘమంతా ఆమేన్ అంటుంది. అప్పుడు పూలు పెడతారు. సంఘంలోని పోలిరాజు తన తల్లి పేరు చెప్పాడు. తర్వాత అయ్యగారు మా దగ్గరికి వచ్చారు.

"నెహెమ్యా" అంది అత్త గట్టిగా.

"ఆమేన్."

అయ్యగారు ముందుకు కదలబోయారు.

"అయ్యగారూ, ఇంకో పేరుంది."

ఆయన ఆగారు. ఎవరి పేరో ఆయనకు అర్థమైంది. ఎన్నోసార్లు ఆయనే జ్ఞాపకార్థ ప్రార్థన పెడదామని అడిగితే, అత్త కాఫీ ఇచ్చి పంపేసేది. "చెప్పమ్మా" అన్నారు మెల్లగా.

అత్త నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"నాను సెప్పకూడదండి. కాదని సెప్పిన నోరిది. నా కోడలికి ఆరేల్లు అబద్దం సెప్పాను. ఆ పేరు ఆయమ్మే సెప్పాల."

అందరూ నా వైపు తిరిగారు. అత్త పూల బుట్టను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. అలాగే నిలబడనీ, సంఘం అందరి ముందూ నోరు తెరుచుకుని నిలబడనీ అని ఒక్క క్షణం నాకు అనిపించింది. నిజంగానే అనిపించింది. నా కోపం రాత్రికీ పొద్దుటికీ ఏమీ తగ్గలేదు.

కానీ ఆ పేరు నాది కూడా. పద్నాలుగు నెలలు ఆ పేరుతో కాపురం చేశాను, ఆరున్నరేళ్ళు ఆ పేరు కోసం గుమ్మంలో నిలబడ్డాను. ఇప్పుడు నేను పలికితే ఆయన పోయినట్టే. పలకకపోతే ఇంకా ఎవరో ఒకరి అబద్ధంలో బతుకుతూ ఉంటాడు.

"యేసు కుమార్" అన్నాను. "నా భర్త. సముద్రంలో చనిపోయాడు."

"ఆమేన్" అన్నారు అందరూ.

ఆ మాట అంతమంది నోట వినేసరికి మావయ్య మట్టి పక్కనే కూలబడ్డాను. ఏడుపు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, గొంతు నాది కాదేమో అన్నట్టు వచ్చింది. అయ్యగారు మిగతావాళ్ళను తీసుకుని పక్క సమాధి దగ్గరికి వెళ్ళిపోయారు. అత్త మోకాళ్ళ నొప్పితో మెల్లగా కిందకు దిగి నా పక్కన కూర్చుంది. పూలు మట్టి మీద పెట్టింది. మొదట మావయ్యవి, పక్కనే కొడుకువి. నన్ను ముట్టుకోలేదు, ఊరుకోమనలేదు.

చాలాసేపటికి, "నన్ను తిట్టమ్మా" అంది.

"ఇవాళ ఆయన కోసం ఏడవనీ అత్తా" అన్నాను. "నిన్ను తిట్టడానికి మళ్ళీ వస్తాను."

అప్పుడు ఏడ్చింది అత్త.